తెర ఏం అడుగుతోందో తెలియకుండా వేలు పెట్టకండి
(పథకం డబ్బు, ఫోను, మెషిన్లు: లబ్ధిదారులకు వివరణ. చదివి, చదవడం రానివారికి వినిపించండి.)

రెండేళ్ల కిందటి మాట. సోమవారం, అర్జీల రోజు. కలెక్టరేట్‌లో వరుస చివర ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. చేతిలో అర్జీ కాగితం లేదు, ఫోను మాత్రం ఉంది. సంగతేమిటమ్మా అని అడిగితే, "పథకం డబ్బులు పడతాయంటే నొక్కాను బాబూ, ఉన్నవి పోయాయి" అంది. ఎవరో ఫోన్ చేసి, మీ డబ్బు ఆగిపోయింది, ఇప్పుడొక మెసేజ్ వస్తుంది, రంగు బటన్ నొక్కి పిన్ కొడితే పడిపోతుంది అన్నారట. ఆవిడ అలాగే చేసింది. అంతా చెప్పి చివర్లో అంది: "నాదే తప్పు. చదువు రానిదాన్ని, నాకెందుకీ ఫోను."

ఆ మెసేజ్ నేనూ చూశాను. రోజూ అక్షరాలతోనే పనిచేసే నాకు కూడా రెండుసార్లు చదివితేగానీ తెలియలేదు. మొత్తం ఎంతో పెద్ద అంకెల్లో ఉంది. పక్కన పథకం పేరులా వినిపించే ఒక పేరు. కింద రెండు బటన్లు: ఒకటి నిండు రంగులో, రెండోది వెలిసిపోయినట్టు. డబ్బు మీకు వస్తోందా, మీ దగ్గర్నుంచి పోతోందా అన్న అసలు ముక్క మాత్రం ఒక్క చిన్న ఇంగ్లీషు మాటలో ఉంది. ఆవిడ తప్పు లేదని నేను అనను. కానీ తప్పంతా ఆవిడదే అంటే మాత్రం ఒప్పుకోను.

మనిషికీ మెషిన్‌కీ మధ్య ఉండే తెర, బటన్లు, లైట్లు, శబ్దం, చివర్లో వచ్చే చీటీ, వీటన్నిటినీ కలిపి ఇంటర్‌ఫేస్ అంటారు. ఇంటికి గుమ్మం ఎలాగో మెషిన్‌కి ఇది అలాగ. గుమ్మం మరీ కిందకి పెట్టి, వచ్చిన ప్రతివాడి తలా తగులుతుంటే, తలలదా తప్పు? అమెరికాలో డొనాల్డ్ నార్మన్ అనే ఆచార్యుడు 1988లో ఈ సంగతి మీదే ఒక పుస్తకం రాశారు. తలుపు తోయాలో లాగాలో తెలియక జనం తడబడుతుంటే లోపం జనంలో కాదు, తలుపులో ఉంది అని ఆయన వాదన. అప్పటికి మన ఊళ్లలో లాండ్‌లైన్ ఫోనే అబ్బురం. ఇప్పుడు పింఛను, రేషన్, రైతు డబ్బు, పిల్లల డబ్బు అన్నీ ఏదో ఒక తెర దాటే వస్తున్నాయి. కాబట్టి ఏది మంచి తెర, ఏది మోసపు తెర, ఏది చేతకాని తెర అన్నది లబ్ధిదారులకు తెలియాలి.

మీకు తెలిసిన మంచి మెషిన్

ఓటు వేసే ఈవీఎం గుర్తు తెచ్చుకోండి. వందేళ్ల ముసలమ్మ కూడా ఎవరి సాయం లేకుండా నొక్కి వస్తుంది. ఎందుకు? పేరు చదవలేకపోయినా పక్కన గుర్తు ఉంటుంది. ఎదురుగా ఒకటే నీలం బటన్. నొక్కగానే ఎర్ర లైటు వెలుగుతుంది, బీప్ అని గట్టిగా మోగుతుంది. పక్కన వీవీప్యాట్‌లో మీరు వేసిన గుర్తుతో చీటీ 7 సెకన్లు కనిపించి లోపల పడిపోతుంది. చూపు లేనివారికి బ్రెయిలీ ఉంటుంది. అంటే ఏం చేయబోతున్నారో నొక్కకముందే తెలుసు, నొక్కింది పడిందో లేదో వెంటనే తెలుసు. చదువుతో పని లేదు.

ఇంకోటి. ఇంట్లో బటన్ల ఫోను ఉంటే 5 అంకె మీద వేలు పెట్టి చూడండి. చిన్న బొడిపె తగులుతుంది. చూడకుండా నంబరు కొట్టడానికి అది గుర్తు. అయిదు వందల నోటు అంచుల్లో ఉబ్బెత్తుగా అయిదు గీతలు, వంద నోటుకి నాలుగు ఉంటాయి. రెండు వందల నోటుకి నాలుగు గీతల మధ్య రెండు సున్నాలు. చూపు లేనివారు తడిమి పోల్చుకోవడానికి పెట్టారు. నోటు బాగా నలిగితే గీతలు అరిగిపోతాయి, అదొక్కటే ఇబ్బంది.

ఏటీఎంల సంగతి మరీ బాగుంటుంది. మొదట్లో కొన్ని మెషిన్లు ముందు డబ్బు ఇచ్చి, తర్వాత కార్డు బయటకు తోసేవి. డబ్బు చేతికి రాగానే జనం నడిచి వెళ్లిపోయేవారు, కార్డు అక్కడే ఉండిపోయేది. ఎందుకంటే వచ్చిన పని డబ్బు, అది అయిపోయింది. తర్వాత క్రమం తిప్పారు: ముందు కార్డు తీసుకో, అప్పుడే డబ్బు. మరచిపోవడం తగ్గింది. "కార్డు మరవకండి" అని గోడకి ఎన్ని బోర్డులు అంటించినా రాని ఫలితం అది. మా శాఖ పనే పోస్టర్లు వేయడం కాబట్టి ఈ మాట కాస్త సిగ్గుగానే చెబుతున్నాను.

తెల్ల కాగితం మీద వేలిముద్ర

తెల్ల కాగితం మీద వేలిముద్ర వేయకూడదని మన పెద్దలు చెప్పని ఇల్లు లేదు. కింద ఏం రాసుకుంటారో తెలియదు కాబట్టి. ఆ జాగ్రత్త కాగితం దగ్గర అందరికీ ఉంది. వేలిముద్ర మెషిన్ దగ్గర చాలామందికి లేదు. రెండూ ఒకటే.

కారణం మెషిన్ తయారీలోనే ఉంది. రేషన్‌కి పెట్టినా, ఈకేవైసీకి పెట్టినా, బ్యాంకు ఖాతాలోంచి డబ్బు తీయడానికి పెట్టినా వేలు పెట్టే గాజు ఒకటే, వెలిగే లైటు ఒకటే. మీ వేలికి తేడా తెలియదు. తేడా ఉండేది తెర మీద. ఆ తెర ఎక్కువసార్లు అవతలివారి వైపు తిరిగి ఉంటుంది. ఇంటర్‌ఫేస్‌లో ఇంతకన్నా పెద్ద లోపం నాకు కనిపించలేదు: డబ్బు ఎవరిదో వారికి తప్ప అందరికీ కనబడే తెర.

ఇక్కడ రెండు సందర్భాలు విడదీసి చెప్పాలి, కలిపేస్తే అనవసరంగా భయపడతారు.

నెల మొదట్లో సచివాలయం సిబ్బంది ఇంటికి వచ్చి ఎన్టీఆర్ భరోసా పింఛను ఇచ్చేటప్పుడు వేలిముద్ర మీరు మీరే అని రుజువు చేయడానికి మాత్రమే. డబ్బు వారి చేతిలో నోట్లుగా ఉంటుంది, మీ బ్యాంకు ఖాతాలోంచి రాదు. కాబట్టి వేలు పడక రెండు మూడుసార్లు పెట్టించినా మీ ఖాతాకి ఏమీ కాదు. పొలం పని, సున్నం పని, బట్టలుతికే పని చేసేవారికి వేలిగీతలు అరిగి ఉంటాయి, పడకపోవడం మామూలే. చేయి కడిగి తుడుచుకుని వేరే వేలు పెట్టండి. అప్పటికీ పడకపోతే కంటిపాపతోగానీ ముఖంతోగానీ చూడమని అడగండి. డబ్బు లెక్కపెట్టుకున్నాకే సరే అనండి.

బ్యాంకు మిత్ర దగ్గర, లేదా ఆధార్‌తో డబ్బు ఇచ్చే దుకాణంలో అలా కాదు. దాన్ని ఏఈపీఎస్ అంటారు. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, ఎంత కావాలో కొట్టి మీ వేలు పెట్టిస్తే, అంత డబ్బు మీ ఖాతాలోంచి తగ్గుతుంది. ఇక్కడ ప్రతి వేలిముద్రా ఒక సంతకం. "పడలేదమ్మా, మళ్లీ పెట్టు" అంటే రెండో సంతకం అడుగుతున్నట్టే. నిజంగానే పడకపోయి ఉండొచ్చు, మంచివారే ఎక్కువ. అయినా ఆ మాట వినగానే చేయి వెనక్కి తీసుకుని, "తెర ఇటు తిప్పు బాబూ, ఏం వచ్చిందో చూపించు" అనండి. మొత్తం ఎంత కొట్టారో చూడండి. అంకెలు చదవడం దాదాపు అందరికీ వచ్చు, అది చాలు. మొదటిది ఎందుకు పడలేదో దానికీ చీటీ అడగండి. చీటీ మీద తేదీ, మొత్తం, ఖాతాలో మిగిలింది, 12 అంకెల రిఫరెన్స్ నంబరు ఉంటాయి. ఇంటికెళ్లాక గొడవ తేల్చేది ఆ 12 అంకెలే. "పేపర్ రోల్ అయిపోయింది" అంటే మీ ఫోనుకి బ్యాంకు మెసేజ్ వచ్చేదాకా కూర్చోండి. మొహమాటపడొద్దు. పది నిమిషాలు ఆలస్యమైతే వెనక వరుసలో వాళ్లు విసుక్కుంటారు, అంతే కదా.

ఆధార్ బయోమెట్రిక్‌కి తాళం వేసుకునే వీలుంది. యూఐడీఏఐ వెబ్‌సైట్‌లో చేయవచ్చు. ఆధార్‌కి మీ ఫోను నంబరు కలిపి ఉండాలి. మంచి ఏర్పాటే. కాకపోతే ఒక మెలిక ఉంది: తాళం వేస్తే వేలు, కన్ను, ముఖం మూడూ పనిచేయవు. అంటే పింఛను రోజూ, రేషన్ రోజూ మళ్లీ తీయాలి. ఇంట్లో ఆ పని తెలిసిన పిల్లలు ఉంటేనే వేసుకోండి. లేకపోతే మోసగాడితో పాటు మీకూ తలుపు మూసుకుపోతుంది. అదే వెబ్‌సైట్‌లో మీ ఆధార్ ఎప్పుడెప్పుడు వాడారో చూసుకోవచ్చు. ఆధార్ సందేహాలకు 1947కి ఫోన్ చేయండి.

పిన్ పెట్టే తెర

ఫోన్ పే, గూగుల్ పే, పేటీఎం, భీమ్ వేరువేరుగా కనిపిస్తాయి. పిన్ కొట్టే పేజీ మాత్రం అన్నిటిలో ఒకేలా ఉంటుంది. అది యూపీఐ నడిపే ఎన్‌పీసీఐ వారిది. మామూలుగా పైన ఎవరికి వెళ్తోంది, ఎంత వెళ్తోంది అని రాసి ఉంటుంది, కింద పిన్ గడులు. మన చూపు గడుల మీదే ఉంటుంది కాబట్టి పైన ఉన్నది ఎవరూ చదవరు. నేనూ చదివేవాణ్ణి కాదు.

డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు. క్యూఆర్ స్కాన్ చేయక్కర్లేదు. ఈ రెండూ పంపేవారు చేసే పనులు. పథకం డబ్బు మీ ఆధార్‌కి కలిసిన ఖాతాలో దానంతట అదే పడుతుంది. పీఎం కిసాన్ 2,000 వాయిదా కోసం ఏ రైతూ పిన్ కొట్టిన పాపాన పోలేదు.

మరి ఇంత సులువైన సూత్రం జనానికి ఎందుకు ఎక్కడం లేదు? నా లెక్క ప్రకారం దానికి కారణం ఒకటుంది. ఖాతాలో ఎంత ఉందో చూసుకోవడానికి కూడా అదే పేజీ, అదే పిన్. నెలంతా "పడిందా లేదా" అని పిన్ కొట్టి చూసుకునేవారికి పిన్ అంటే చూసుకునేదే అని అలవాటైపోతుంది. రెండు వేరే పనులకి ఒకటే గుమ్మం పెట్టారు. బీరువా తాళం చెవితోనే ఇంటి ముందు లైటు కూడా వేసుకోవాలన్నట్టు. మీరు గమనించాల్సిన తేడా ఇది: బ్యాలెన్స్ చూసేటప్పుడు ఆ పేజీ మీద రూపాయల మొత్తం ఉండదు. మొత్తం కనిపించిందంటే అంత మీ ఖాతాలోంచి పోబోతున్నట్టు. అవతలివాడు ఫోన్‌లో ఎంత తియ్యగా మాట్లాడుతున్నా సరే.

ఆ పెద్దావిడకి వచ్చిన మెసేజ్‌ని కలెక్ట్ రిక్వెస్ట్ అంటారు, అంటే అవతలివాడు మిమ్మల్ని డబ్బు అడగడం. వ్యక్తుల మధ్య ఈ పద్ధతిని 2025 అక్టోబరు నుంచి ఆపేశారు. వ్యాపారుల పేరుతో వచ్చేవి ఇంకా ఉన్నాయి, వాటి దగ్గర జాగ్రత్త. కానీ ఆ బటన్ తీసేయడం ఎంత మంచి పనో చూడండి. అన్నేళ్లూ ఊరూరా తిరిగి "నొక్కకండి" అని చెప్పాం. నొక్కడానికి బటనే లేకుండా చేస్తే చెప్పాల్సిన పని సగం తగ్గింది.

చక్రం తిరుగుతూ ఉంటే

డబ్బు పంపారు. తెర మీద చక్రం తిరుగుతోంది. లేదా "పెండింగ్" అని పసుపు రంగులో వచ్చింది. పోయిందా, ఉందా? చెప్పదు. చెప్పలేకపోవడం కూడా చెడ్డ తెర లక్షణమే. దుకాణాల్లో స్పీకర్ డబ్బా అంతగా ఎందుకు పాకిందంటే, కొట్టువాడు తెర చూడక్కర్లేకుండా "ఇన్ని రూపాయలు అందాయి" అని తెలుగులో చెప్పేస్తుంది కాబట్టి.

అలాంటప్పుడు చాలామంది చేసే పని మళ్లీ నొక్కడం. అది చేయకండి, రెండుసార్లు పోవచ్చు. ముందు ఖాతాలో ఎంత ఉందో చూడండి. ఖాతాలో తగ్గి అవతలివారికి చేరకపోతే రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరులో గడువులు పెట్టింది. యూపీఐలో ఒక వ్యక్తికి పంపింది చేరకపోతే మర్నాటికల్లా వెనక్కి రావాలి. ఏటీఎంలో నోట్లు రాకుండా ఖాతాలో తగ్గితే 5 రోజుల్లో. వేలిముద్ర మెషిన్‌లో తగ్గినా 5 రోజుల్లో. గడువు దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున బ్యాంకే పరిహారం కట్టాలి, మీరు అర్జీ పెట్టకపోయినా. ఈ సంగతి చెప్పే తెర మాత్రం నేనింతవరకు ఏ ఏటీఎంలోనూ చూడలేదు. బ్యాంకు 30 రోజుల్లో తేల్చకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్లవచ్చు, 14448లో అడిగితే దారి చెబుతారు.

ఓటీపీ, యాప్ ఫైలు

ఓటీపీ అంకెలు చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. ఆధార్‌లో చిరునామా మార్చడానికి వచ్చినదీ, ఖాతాలోంచి డబ్బు పంపడానికి వచ్చినదీ పక్కపక్కన పెడితే తేడా కనబడదు. ఎందుకు వచ్చిందో ఆ మెసేజ్‌లోనే రాసి ఉంటుంది, కానీ పైన పట్టీలో కనిపించేసరికి సగం తెగిపోయి అంకెలే మిగులుతాయి. మెసేజ్ పూర్తిగా తెరిచి చూడండి. ఇంగ్లీషులో ఉంటే ఇంట్లో చదివే పిల్లలతో చదివించండి. మీ ఎదురుగా కూర్చుని మీ పని చేస్తున్న మనిషి అడిగినా, "ఇది దేనికి వచ్చిందో చదివి చెప్పు" అన్నాకే ఇవ్వండి. ఫోన్‌లో అడిగేవాడికి అసలు ఇవ్వకండి.

ఇక వాట్సాప్‌లో వచ్చే ఫైళ్లు. పథకం పేరు, ప్రభుత్వ చిహ్నం పెట్టి, "ఇది ఇన్‌స్టాల్ చేస్తే మీ డబ్బు ఎప్పుడు పడుతుందో కనిపిస్తుంది" అని పంపుతారు. ఫైలు పేరు చివర ఏ, పీ, కే అనే మూడు ఇంగ్లీషు అక్షరాలుంటే అది యాప్ ఫైలు. నొక్కకండి. ఫోను ఒకసారి హెచ్చరిస్తుంది కూడా. కానీ రోజూ ప్రతిదానికీ "అనుమతించు" నొక్కి నొక్కి ఆ హెచ్చరిక మనకి కనబడటం మానేసింది. ఆ యాప్ మీ మెసేజ్‌లు చదవడానికి అనుమతి అడుగుతుంది. ఇచ్చారా, ఓటీపీలన్నీ వాడికి చేరతాయి. మీ పథకం స్థితి చూడటానికి బయటి యాప్ అక్కర్లేదు. సచివాలయంలో అడగవచ్చు, లేదా 2025 జనవరిలో మొదలైన మన మిత్ర వాట్సాప్ సేవలో చూడవచ్చు. ఆ నంబరు 95523 00009, ఈ నంబరుకి మీరే మెసేజ్ పెట్టాలి. వేరే నంబరు నుంచి మన మిత్ర అని ఎవరైనా వస్తే నమ్మకండి.

రీచార్జికో టికెట్‌కో పోతే అడగని బీమా ముందే టిక్ పెట్టి ఉండటం, "రెండు నిమిషాల్లో ఆఫర్ ముగుస్తుంది" అని దొంగ గడియారం తిప్పడం, చేరడానికి ఒక బటన్, మానేయడానికి పది పేజీలు, ఇవి కూడా కావాలని చేసే పనులే. వీటిని డార్క్ ప్యాటర్న్స్ అంటారు. కేంద్రం 2023 నవంబరు 30న 13 రకాలను పేర్కొని నిషేధించింది. ఫిర్యాదుకు వినియోగదారుల నంబరు 1915.

డబ్బు పోయిందని తెలిస్తే

ఏడ్చే ముందు 1930కి ఫోన్ చేయండి. ఈ నంబరు సైబర్ మోసాల కోసమే. మోసగాడి ఖాతాలో పడిన డబ్బు అక్కడి నుంచి ఇంకో ఖాతాకి, అక్కడి నుంచి మరో ఖాతాకి మారుతుంది, చివర ఏదో ఏటీఎంలో నోట్లవుతుంది. మధ్యలో పట్టుకోగలిగితేనే ఆపుతారు. గంటలో చెప్పడానికీ, మూడో రోజు చెప్పడానికీ చాలా తేడా. నేను చెప్పిన పెద్దావిడ నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. కొడుకు తిడతాడని. ఆ నాలుగు రోజులే ఆవిడకి పెద్ద నష్టం. మీ ఇంట్లో ఇలా ఎవరికైనా జరిగితే దయచేసి ముందు తిట్టకండి, ముందు ఫోన్ చేయించండి. అదే రోజు బ్యాంకుకి కూడా రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

మెసేజ్‌లు, కాల్ వచ్చిన నంబరు, 12 అంకెల నంబరు చెరిపేయకండి. సిగ్గుపడి చాలామంది చెరిపేస్తారు.

ఒక సంగతి మిగిలింది. సచివాలయంలోగానీ, రేషన్ దుకాణంలోగానీ, బ్యాంకు మిత్ర దగ్గరగానీ ఏదైనా తెర మీకు అర్థం కాకపోతే ఎక్కడ ఆగిపోయారో, ఏ మాట తెలియలేదో సోమవారం అర్జీలో రాయండి. "మెషిన్ రావట్లేదు" అని రాస్తే రిపేరు మనిషిని పంపుతారు. "మొత్తం ఎంతో నాకు కనబడలేదు, తెర అటువైపు ఉంది" అని రాస్తే వేరే సంగతి అవుతుంది, దాని మీద చర్య తీసుకోవచ్చు.

ఈ పీడీఎఫ్ కూడా ఒక తెరే. ఇదివరకు మేం పంపినవి పెద్ద కాగితం కొలతలో ఉండి, ఫోన్‌లో చీమల్లా కనిపించేవని మీలో కొందరు చెప్పారు. ఈసారి అక్షరం పెంచాం, పట్టికలు తీసేశాం. ఇంకా చదవలేకపోతే మీ సచివాలయంలో చెప్పండి, వాళ్లు మాకు చెబుతారు.